బండి బాడీ పగిలిందా? ముందు దాని పేరడగండి

స్కూటర్ ముందు మడ్‌గార్డ్ పగలగానే మన ఇళ్లలో జరిగే మొదటి పని ఏమిటి? సొరుగులోంచి ఫెవిక్విక్ ట్యూబు బయటికి రావడం. రెండో పని, వేళ్లు అతుక్కుపోవడం. మూడోది, వారం తిరక్కుండా అదే పగులు మళ్లీ నోరు తెరవడం. అప్పుడు "ప్లాస్టిక్ అంటే అంతే, దేనికీ పనికిరాదు" అని తీర్పు చెప్పేస్తాం. పాపం, దాని తప్పేం లేదర్రా. పేరైనా అడక్కుండా మందు వేసింది మనమే.

"పేరేముంది తాతయ్యా, ప్లాస్టిక్కే కదా!" అంటుంది మనవరాలు. మెకానిక్‌ని అడిగితే "ఫైబర్ సార్" అంటాడు. రెండూ చాలవు. ఒక్క స్కూటర్ మీదే నాలుగైదు రకాల ప్లాస్టిక్కులుంటాయి. రంగేసి నిగనిగలాడే సైడ్ ప్యానెళ్లు, ముందు మడ్‌గార్డ్, హెడ్‌లైట్ చుట్టూ ఉండే డూమ్ మామూలుగా ఏబీఎస్. చక్రం లోపలి వైపు, కాళ్లు పెట్టుకునే చోట ఉండే రంగు వేయని నల్లటి భాగాలు చాలావరకు పాలీప్రొపిలీన్. దాన్ని పొట్టిగా పీపీ అంటారు. హెడ్‌లైట్ అద్దం పాలీకార్బొనేట్. వెనక ఎర్రదీపం మీది మూత ఎక్కువగా ఆక్రిలిక్. ఇక కారు బంపర్ అంటే పీపీలో రబ్బరు కలిపిన రకం. వీటిలో ఒకదానికి పనిచేసిన మందు ఇంకోదాని మీద అసలు పట్టదు, మరోదాన్ని ఏకంగా పాడుచేస్తుంది.

మరి పేరు ఎలా తెలుస్తుంది? ఊడదీసిన ముక్కని తిరగేసి, లోపలి వైపు మట్టి తుడిచి చూడండి. ఎక్కడో ఓ మూల రెండు బాణపు మొనల మధ్య ఇంగ్లీషు అక్షరాలు పోతపోసి ఉంటాయి. ఏబీఎస్ అనో, పీపీ అనో, పీసీ అనో. దీనికి ఐఎస్ఓ 11469 అని అంతర్జాతీయ ప్రమాణమే ఉంది. పాత సామాను కరిగించేవాళ్లు ఏ రకాన్ని ఏ రకంతో కలపాలో తెలుసుకోవడానికి పెట్టిన గుర్తులివి. రిపేరు చేసేవాడికీ అవే దారి చూపిస్తాయి. కారు బంపర్ లోపల అయితే 'పీపీ ప్లస్ ఈపీడీఎం' అని, పక్కన 'టీడీ 20' అని కనిపించొచ్చు. పీపీలో ఈపీడీఎం అనే రబ్బరు, నూటికి 20 పాళ్లు టాల్క్ పొడి కలిపారని దానర్థం. మొహానికి రాసుకునే పౌడర్‌లో వాడే రాతిపొడే ఈ టాల్క్. బంపర్‌కి కాస్త బిగువు రావడానికి కలుపుతారు.

గుర్తు చెరిగిపోతే? అంచున గోరంత ముక్క చెక్కి, ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు కలిపిన నీళ్లలో ముంచి వదలండి. సబ్బు ఎందుకంటే, ముక్కకి గాలిబుడగలు అంటుకుని మనల్ని మోసం చేయకుండా. పీపీ సాంద్రత 0.9 కాబట్టి తేలుతుంది. ఏబీఎస్‌ది 1.05 దాకా ఉంటుంది కాబట్టి మునుగుతుంది. కానీ టాల్క్ ఎక్కువ కలిసిన పీపీ కూడా మునిగిపోవచ్చు. అందుకని రెండో పరీక్ష ఉంది: కనిపించని లోపలి వైపున దూది పుల్లతో ఒక్క చుక్క అసిటోన్ అద్దండి. ఏబీఎస్ అయితే కాసేపటికి జిగటగా వేలికి తగులుతుంది. పీపీకి చీమ కుట్టినట్టయినా ఉండదు.

కొందరు ముక్కని కాల్చి, పొగ వాసన చూసి పేరు చెబుతారు. ఆ విద్య మనకొద్దు. ఏబీఎస్ పేరులోని మూడక్షరాలు మూడు పదార్థాలు: ఆక్రిలోనైట్రైల్, బ్యూటాడైన్, స్టైరీన్. స్టైరీన్ అంటే విశాఖపట్నం వాళ్లకి చెప్పక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున కార్ఖానా నుంచి లీకై అక్కడి వెంకటాపురం మీద కమ్మిన ఆవిరి అదే. ఒకదానికొకటి ముడిపడి ప్లాస్టిక్ అయ్యాక అది బుద్ధిగా పడి ఉంటుంది. కాలిస్తే ఆ ముడులు తెగి స్టైరీన్ మళ్లీ బయటపడుతుంది, ఆక్రిలోనైట్రైల్ భాగం నుంచి సైనైడ్ వాయువు కూడా వస్తుంది. నీళ్లతో తేలే పరీక్షకి ముక్కుని బలి పెట్టడం దేనికి?

ఇప్పుడు అసలు కథకొద్దాం. ప్లాస్టిక్ లోపల ఏముంది? వేలకొద్దీ చిన్న అణువులు వరసగా చేతులు పట్టుకున్న పొడవాటి గొలుసులు. అణువులు ఇంత పొడవు ఉండగలవని 1920లో హెర్మన్ స్టాడింజర్ అనే జర్మన్ రసాయనవేత్త చెబితే తోటి శాస్త్రవేత్తలు చాలామంది ఒప్పుకోలేదు. ఆయన మాట నిజమని తేలి, 1953లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ గొలుసులు ప్లాస్టిక్ లోపల గిన్నెలో ఉడికిన సేమ్యాలా ఒకదాంట్లో ఒకటి చిక్కుపడి ఉంటాయి. వేడి మీద గరిటెతో కదిపితే జారతాయి, చల్లారితే ముద్ద కట్టేస్తాయి. ముద్దని రెండుగా విడదీసి ఊరికే పక్కపక్కన పెడితే కలుస్తుందా? మళ్లీ వేడి చేయాలి, లేదా కాసిని పాలు పోసి వదులు చేయాలి. అప్పుడే ఇటు పోగులు అటు దూరతాయి.

ప్లాస్టిక్ అతుకుకీ ఈ రెండే దారులు. వేడితో గొలుసుల్ని వదులు చేయడం ఒకటి, ద్రావకంతో నానబెట్టడం రెండోది. అలా వదులైన గొలుసు తన చుట్టూ ఉన్న చిక్కులో అడ్డంగా కదల్లేదు. తన పొడవు వెంటే పాక్కుంటూ ముందుకి పోవాలి. పాము పాకినట్టు సాగే ఈ కదలికని 1971లో లెక్కగట్టి చెప్పింది ఫ్రాన్సుకి చెందిన పియర్ జీల్ ద జెన్. ఆయనకి 1991లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. పగులుకి ఇటు వైపు గొలుసు అటు వైపుకి పాకి, అక్కడి గొలుసులతో చిక్కుపడిందా, అతుకు నిలుస్తుంది. పాకడానికి వ్యవధి ఇవ్వకుండా పైపైన పట్టిస్తే ఊడుతుంది. రిపేరు విద్య అంతా ఇందులోనే ఉంది.

"మరి ఫెవిక్విక్ ఏం చేస్తుంది?" అంటారు కదూ. అది సయనోఆక్రిలేట్ అనే జిగురు. 1942లో అమెరికాలో ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీలో హ్యారీ కూవర్ బృందం తుపాకులకి గురిచూసే పారదర్శక భాగాల కోసం ప్లాస్టిక్ వెతుకుతుంటే ఇది తగిలింది. ముట్టుకున్నదల్లా అంటుకుపోతోందని విసుగొచ్చి పక్కన పడేశారు. 1951లో మళ్లీ చేతికొచ్చినప్పుడుగానీ దాని విలువ తెలియలేదు. 1958లో బజారుకెక్కింది. గాలిలో ఉన్న పిసరంత తేమ తగిలితే చాలు, చుక్కలోని అణువులు గబగబా గొలుసు కట్టేస్తాయి. మన వేళ్ల మీద తేమకి కొదవ లేదు కాబట్టే ముందు అవే అతుక్కుంటాయి. పైన తినేసోడా చల్లితే క్షణంలో రాయవడం కూడా ఇందుకే. సోడాకున్న క్షారగుణం గొలుసు కట్టడాన్ని తొందరపెడుతుంది. ఒక్క జాగ్రత్త: నూలుబట్ట మీద ఈ జిగురు ఎక్కువగా ఒలికితే చర్మం కాలేంత వేడి పుడుతుంది.

ఈ జిగురు ఏబీఎస్ మీద బాగానే పడుతుంది. విరిగిన ముక్కల్ని వరసలో నిలబెట్టడానికి అక్కడక్కడా చుక్క పెట్టండి, తప్పులేదు. కానీ గట్టిపడ్డాక అది పెళుసు. గతుకుల రోడ్డు మీద బండి అదురుతుంటే, తనకి వంగడం రాదు కాబట్టి విరుగుతుంది. పీపీ మీద పరిస్థితి ఇంకా కష్టం. పీపీ డబ్బా మూత మీద నీటిచుక్క వేసి చూడండి, పరుచుకోకుండా గుండ్రంగా కూర్చుంటుంది. నీటి తలతన్యత మీటరుకి 72 మిల్లీన్యూటన్లు. పీపీ ఉపరితలానికి ఉన్న పట్టు అదే కొలతలో 30 దగ్గరే. తనకంటే బలంగా లోపలికి లాక్కునే ద్రవాన్ని ఆ ఉపరితలం పరవలేదు. నీళ్లే కాదు, జిగుళ్లలో చాలావాటికి ఇదే గతి. పరుచుకోని జిగురు పట్టుకునేదేమిటి? అందుకే కార్ఖానాల్లో బంపర్‌కి రంగు వేసే ముందు మంట నాలుకని ఒక్క క్షణం దాని మీద తిప్పి, ఉపరితలాన్ని ఆక్సిజన్‌తో కలిసేలా చేస్తారు. పైగా గది వేడిమిలో పీపీని కరిగించే ద్రావకం మన ఇళ్లలో దొరికేది ఒక్కటీ లేదు. దానికి వేడే గతి.

అతుకు వేసే ముందు పగులు గురించి కూడా ఓ మాట. పగులుకి ఎప్పుడూ దాని కొస దగ్గరే బలం. షాంపూ సాషే అంచున చిన్న గాటు ఉంటుంది చూడండి. ఆ గాటు లేనిచోట ఎంత లాగినా చిరగదు, ఉన్నచోట పిల్లవాడు లాగినా చిరుగుతుంది. ఓడల ఇనుపరేకులు ఎందుకు చీలుతున్నాయో చూస్తూ 1913లో కేంబ్రిడ్జి ఇంజనీరు చార్లెస్ ఇంగ్లిస్ దీనికి లెక్క కట్టాడు. రేకుని లాగుతున్న ఒత్తిడి పగులు కొసన ఎన్ని రెట్లవుతుందో ఆ పగులు ఎంత పొడవుంది, కొస ఎంత వాడిగా ఉంది అన్నవే తేలుస్తాయి. 2 సెంటీమీటర్ల పగులు కొస మిల్లీమీటర్లో నూరో వంతు వాడిగా ఉందనుకోండి, అక్కడ ఒత్తిడి 60 రెట్లు దాటుతుంది. అదే కొసన 3 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం వేస్తే 6 రెట్ల దగ్గరకి దిగుతుంది. 1921లో ఆలన్ గ్రిఫిత్ గాజు మీద పరీక్షలు చేసి, పగులు ఎప్పుడు తనంతట తానే పరుగు తీస్తుందో శక్తి లెక్కలతో చెప్పాడు. కాబట్టి ముందు డ్రిల్లు తీయాలి. కంటికి కనబడే కొస కంటే అసలు కొస కొంచెం ముందే ఉంటుంది, రంధ్రం ఆ లెక్కన ఒక పిసరు ముందుకి జరిపి వేయాలి. తర్వాత పూడ్చేస్తాం కాబట్టి అందం గురించి బెంగ వద్దు.

ఇక ఏబీఎస్ ముక్కని బాగుచేద్దాం. ముందు సబ్బునీళ్లతో కడిగి బాగా ఆరబెట్టండి. బండికి మెరుపుకోసం కొట్టే స్ప్రేలలో సిలికోన్ నూనె ఉంటుంది, అది మిగిలితే అతుకూ పట్టదు, రంగూ పట్టదు. ముందువైపు మాస్కింగ్ టేపుతో పగులు అంచులు సమంగా కలిపి ఉంచండి. పని అంతా వెనకవైపే. పగులు వెంట బ్లేడుతోనో చిన్న ఆకురాయితోనో వాలుగా కోస్తూ, మందంలో సగం దాటేదాకా గాడి తీయండి. ఎక్కువ చోటు దొరికితే ఎక్కువ గొలుసులు కలుస్తాయి. చుట్టూ రెండంగుళాల మేర ఉప్పుకాగితంతో గరుకు చేయండి.

పూడ్చడానికి పేస్టు మనమే చేసుకోవచ్చు. అదే బండిదో, వేరే పాత ఏబీఎస్ ముక్కో తీసుకుని సన్నగా తురిమి గాజుసీసాలో వేసి, మునిగేంత అసిటోన్ పోసి, ఇనుప మూత బిగించి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి గరిటజారుగా తయారవుతుంది. పిల్లలు విసిరేసిన లెగో ముక్కలున్నా పనికొస్తాయి. 1963 నుంచి ఆ ఇటుకలు ఏబీఎస్‌తోనే చేస్తున్నారు. వాడిపారేసే ప్లాస్టిక్ గ్లాసులో మాత్రం కలపొద్దు, గ్లాసు కూడా కరిగి పేస్టులో చేరుతుంది. గోళ్ల రంగు తుడిచే ద్రవాలు కొన్నింట్లో అసిటోన్ ఉంటుంది గానీ నూనెలు, సువాసనలు కూడా కలుస్తాయి. హార్డ్‌వేర్ కొట్లోనో, రసాయనాల కొట్లోనో దొరికే ఉత్త అసిటోన్ మేలు.

గాడిలో ముందు ఉత్త అసిటోన్ ఒక్కసారి రాసి రెండు నిమిషాలు ఆగండి, గొలుసులు వదులవుతాయి. తర్వాత పేస్టు పలచగా పూయండి. దాని మీద పలచటి నూలు గాజుగుడ్డ పట్టీ పరిచి, మళ్లీ పేస్టు. ఒకేసారి దిట్టంగా పోస్తే పైన పొర కట్టి, లోపల అసిటోన్ చిక్కుకుని, నెలరోజులైనా మెత్తగానే ఉంటుంది. పలచటి పొరలు వేసుకుంటూ, ఒక్కో పొర ఆరనిస్తూ, చివరికి ఒకటి రెండు రోజులు ముట్టుకోకుండా వదిలేయండి. ఆ తర్వాత టేపు తీసి, ముందువైపు గీత మీద కొంచెం పేస్టు రాసి, ఆరాక నీళ్లతో వాటర్‌పేపర్ పట్టి, ప్రైమర్ వేసి, రంగు వేసుకోవాలి. అసిటోన్ మీ బండి రంగుని కూడా తినేస్తుంది కాబట్టి ముందువైపు ఒలకనివ్వకండి. ఇంకో సంగతి: అది 56 డిగ్రీలకే మరిగే ద్రవం, మామూలు వేడిలోనే ఆవిరవుతుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు కాబట్టి నేలబారున పాకి, పక్కగదిలో పొయ్యిని వెతుక్కుంటుంది. పని పెరట్లో చేయండి. అగరొత్తి కూడా వెలిగించి ఉండకూడదు.

పీపీకి వేడి కావాలన్నాం కదా. ఒకప్పుడు వీధుల్లో ప్లాస్టిక్ బిందెలకీ బకెట్లకీ మాట్లేస్తామని కేకలేస్తూ, కాల్చిన ఇనుపకడ్డీ పట్టుకుని వచ్చేవాళ్లు. వాళ్లు చేసింది అచ్చంగా ఇదే పని. ఇప్పుడు బంపర్లు బాగుచేసే దుకాణాల్లో వేడిగాలి గన్నుతో చేస్తున్నారు. ఇంట్లో అయితే సాల్డరింగ్ ఐరన్ చాలు. పీపీ 165 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఐరన్ మొన 300 దాటుతుంది. కాబట్టి ఒకచోట నిలపకుండా కదుపుతూ ఉండాలి. పొగ లేచిందంటే గొలుసులు వదులవడం మాని తెగిపోతున్నాయని అర్థం. తెగిన పొట్టి గొలుసులు చిక్కుపడలేవు, అతుకు పిండిలా రాలుతుంది. వెనకవైపు గాడి తీసి, అడుగుని ముందు కరిగించి కలపండి. స్టీలు దోమజాలీ ముక్క కత్తిరించి, ఐరన్‌తో నొక్కుతూ కరిగిన ప్లాస్టిక్ లోపలికి మునిగేలా చేయండి. పైన పీపీ పుల్లలు కరిగించి పూడ్చండి. పుల్లల కోసం పాత బంపర్ ముక్క శ్రేష్ఠం. లేదంటే అడుగున త్రికోణంలో 5 అంకె ఉన్న డబ్బా చూడండి, అది పీపీ. 2 అంకె ఉన్నది పాలిథిలీన్ రకం. అదీ నీళ్లలో తేలుతుంది, అదీ వేలికి మైనంలా తగులుతుంది, కానీ పీపీతో మనస్ఫూర్తిగా కలవదు. కరిగినప్పుడు కలిసినట్టే కనిపించి, చల్లారాక పొరలా లేచివస్తుంది. అతుకుని నీళ్లు పోసి చల్లార్చకండి, దానంతట అది చల్లారనీయండి. ఈ పని కూడా గాలి ఆడేచోటే చేయాలి.

అన్నిటికీ అతుకు వేయొచ్చా? వేయకూడదు. మొదటిది హెల్మెట్. దాని పైచిప్ప కూడా చాలావాటిలో ఏబీఎస్సే, మన అసిటోన్ పేస్టు చక్కగా పట్టుకుంటుంది, అదే ప్రమాదం. దెబ్బని ఒక్కసారి తాను తిని తలని కాపాడడం దాని పని. ఐఎస్ 4151 ప్రమాణం కింద పరీక్షించి ఐఎస్ఐ ముద్ర వేసింది పగలని హెల్మెట్‌కే గానీ మన అతుకుకి కాదు. పగిలిందా, పారేయండి. హెడ్‌లైట్ అద్దం, హెల్మెట్ ముందు అద్దం పాలీకార్బొనేట్. అసిటోన్ తగిలితే మసకబారి పగుళ్లు విడుస్తాయి. ఎయిర్‌బ్యాగ్ మీది మూతల జోలికి వెళ్లొద్దు.

ఎండకి చచ్చిపోయిన ఏబీఎస్ కూడా అతుక్కి లొంగదు. ఏబీఎస్‌లో 'బీ' అంటే బ్యూటాడైన్ అన్నాను కదా, అది గొలుసు కడితే రబ్బరు. మైక్రాన్ అంత, అంతకంటే చిన్న రబ్బరు గుళికలు లోపలంతా చల్లి ఉంటాయి. వంచినప్పుడు ఒక్క పెద్ద పగులు రాకుండా గుళిక గుళికకీ వెంట్రుకకంటే సన్నటి లక్షల పగుళ్లు పుట్టి దెబ్బని పంచుకుంటాయి. వంచినచోట తెల్లగా మారేది అందుకే, వెలుతురు ఆ సన్న పగుళ్ల మీద పడి చెల్లాచెదరవుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, ఆక్సిజన్ కలిసి ఏళ్ల తరబడి ఆ రబ్బరుని తినేస్తాయి. ఓ మూల చిన్న ముక్క వంచి చూడండి. తెల్లబడి వంగితే ప్రాణం ఉన్నట్టు. తెల్లబడకుండా చిటుక్కున విరిగితే మన అతుకు పక్కనే కొత్త పగులు వస్తుంది. అప్పుడు కొత్త ప్యానెల్ కొనుక్కోవడమే బుద్ధి.

 

అతుకు ఆరింది, రంగు వేశారు, బండికి బిగించబోతున్నారు. ఆగండి. అసలు ఎందుకు పగిలిందో చూశారా? ఏ గోడకో గుద్దితే సరే. చాలా పగుళ్లు మాత్రం బోల్టు రంధ్రం దగ్గరే మొదలవుతాయి. వేడికి ఏబీఎస్ ఇనుముకంటే ఆరేడు రెట్లు ఎక్కువ సాగుతుంది. 60 సెంటీమీటర్ల ప్యానెల్ తెల్లవారుజామున 20 డిగ్రీల నుంచి నడినెత్తిన ఎండకి 60 డిగ్రీలకి చేరితే 2 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. దాన్ని మోసే ఇనుప చట్రం పెరిగేది 0.3 మిల్లీమీటర్లే. రెంటచింతల ఎండల్లోనో రామగుండం ఎండల్లోనో రోజూ జరిగే తగవిది. అందుకే కంపెనీవాళ్లు రంధ్రాన్ని కోలగా చేసి, రబ్బరు బుష్ పెట్టి, ప్యానెల్ అటూ ఇటూ జరగడానికి చోటిస్తారు. సర్వీసుకిచ్చినప్పుడు బుష్ ఎక్కడో జారిపోతుంది, మెషిన్‌తో బోల్టు గట్టిగా పడుతుంది, ప్యానెల్‌కి జరగడానికి దారుండదు. బోల్టు ఊడకుండా మరల మీద వేసే లాక్ మందు, ఒలికిన పెట్రోలు కూడా ఇలా బిగుసుకుని ఉన్నచోటే పగులు పుట్టిస్తాయి. కాబట్టి ఆ మందు ప్లాస్టిక్‌కి తగలనివ్వకండి, పెట్రోలు పడితే వెంటనే తుడవండి. బోల్టుని చేత్తోనే తిప్పండి, వాషర్ కదలకుండా కూర్చుంటే చాలు. బుష్ కనబడకపోతే కొత్తది తెచ్చేదాకా ప్యానెల్‌ని ఇంట్లోనే ఉంచండి.